శుక్రవారం జ్వరం

పేరు అడగొద్దు. అదొక్కటీ చెప్పను.
మిగతాదంతా చెప్తాను.

టంగుటూరు గ్రేడింగు షెడ్డులో
పందొమ్మిదేళ్లుగా పొగాకు ఏరే చేతులు నావి.
పైపొర ఎంత పసుపుపచ్చగా మెరిసినా
బేలు నడిమిన తేమ పట్టిన ఆకుంటే
ముక్కు కన్నా ముందు వేళ్లకి తెలిసిపోయిద్ది.
ఆ వేళ్లతోనే ఆదివారం పొద్దున
సండే స్కూలు పిల్లల పాపిడి సర్దుతాను.

ఆ పిల్ల కంఠత వాక్యాల్లో ఫస్టు.
క్రిస్మస్‌కి స్టీలు గ్లాసు గెలుచుకుంది.
ఎండలు ముదిరేసరికి
చాప మీద ముందు వరసలోంచి
చెప్పులు విడిచే చోటికి జరిగింది.
ఒకరోజు నా కొంగు అంచు మడతలు పెడుతూ అంది:
"శుక్రవారం శుక్రవారం నాకు జొరం వచ్చిద్దక్కా."

శుక్రవారం సాయంత్రం పాటల ప్రాక్టీసు.
నేర్పేది అయ్యగారి బామ్మర్ది.

నుదురు తాకితే చల్లగానే ఉంది.
గుచ్చి గుచ్చి అడగలేదు. పక్కన కూచున్నాను.
తనే చెప్పింది, చెప్పగలిగినంత.
"నేనేం తప్పు చెయ్యలేదు గదా?"
లేదమ్మా అన్నాను. మూడుసార్లు అన్నాను.
"ఎవరికీ చెప్పవుగా?"
అక్కడ మాత్రం అబద్ధం ఆడలేకపోయాను.
"ఆపగలిగినోళ్లకి చెప్తాను."

కమిటీ పెద్దలు ఆరుగురు, ఫ్యాను ఒకటి.
సెక్రటరీ దేవసహాయం మినిట్స్ పుస్తకం తెరిచాడు.
అందులో అన్నీ ఉన్నాయి:
కోతకాల పండగలో వేలం పాడిన నాటుకోడి, నాలుగొందల యాభై,
మైకు రిపేరు, సున్నం రెండు బస్తాలు,
జ్ఞానమ్మ ఇచ్చిన గుమ్మడికాయతో సహా.
"ఇది కూడా రాయండి" అన్నాను.
పెన్నుకి మూత పెట్టాడు.
యోబు తాత కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"మోకాళ్ల మీద తేల్చుకుందాంలేమ్మా.
ఊళ్లో ఇప్పటికే మనల్ని ఒక చూపు చూస్తారు.
మన గోడకి మనమే కన్నం వేసుకుంటామా?"

ఆ గోడకి మా అమ్మ ఇటుకలు మోసింది.
కూలి తీసుకోకుండా మోసింది.
అందుకే నాకు ఎక్కువ మండింది.

అందరూ కళ్లు మూసుకున్నారు.
నేను తెరిచే ఉంచాను.
ఆ రోజు పుస్తకంలోకి ఎక్కింది ఒకటే లైను:
ప్రార్థనతో సభ ముగిసినది.

బయటికొచ్చి, చేతిపంపు దగ్గర నిలబడి ఫోను చేశాను.
హాజరుపట్టీ వెనక పేజీలో రాసిపెట్టుకున్న తేదీ,
పిల్ల అన్న మాటలు, అన్న వరసలోనే, చదివి వినిపించాను.
ఒంగోలు నుంచి ఇద్దరు ఆడవాళ్లొచ్చారు.
కానిస్టేబులమ్మ ఖాకీ వేసుకోలేదు, పూల చీర కట్టుకొచ్చింది.
నాయనమ్మ నులకమంచం మీద కూచుని
ముందు మేకపిల్ల పేరు అడిగింది.

తర్వాతి ఆదివారం నా చాప మీదికి
పద్నాలుగు మందికి ముగ్గురొచ్చారు.
పాస్టరమ్మ పలకరించలేదు. కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.
ప్రభు బల్ల దగ్గర గిన్నె నా దాకా వచ్చేసరికి
పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
తాగాను. ఎందుకు తాగను?

నెల దాటాక ఒక సోమవారం
నవోమి పీట తెచ్చి నా పక్కన వేసుకుంది.
అప్పటిదాకా నాతో మాట్లాడని మనిషి.
ఆకు తీసింది, ఈనె నిమిరింది, పెట్టింది,
మళ్లీ అదే ఆకు తీసింది.
"మా వోడికి కడుపునొప్పక్కా," తల ఎత్తకుండా అంది.
"రెండేళ్లుగా. శుక్రవారాలే.
నేను నులిపురుగులని మందు పోస్తా ఉన్నా."

మేస్త్రి మావైపే చూస్తున్నాడు.
జిగురు చేతులతో ఫోను తియ్యలేను.
మచ్చపడి పక్కన పారేసిన ఆకొకటి ఒళ్లోకి తీసుకుని
గోటితో గీశాను,
దాగుడుమూతల్లో పిల్లలు వెనక్కి లెక్కపెట్టినట్టు:
పది, తొమ్మిది, ఎనిమిది.

నవోమి ఆ ఆకుని నాలుగు మడతలు పెట్టి
జాకెట్లో దోపుకుంది.